కిలిమంజారో కొండ ఎక్కబోయేవారికి ఒక ఆరోగ్య పాఠం



సెలవులు వస్తే అమ్మమ్మగారి ఊరికో, మహా అయితే ఊటీకో వెళ్ళే రోజులు పోయాయి. మన కుటుంబాల పిల్లలు ఉద్యోగాలు చేసుకుంటూ, డబ్బు కూడబెట్టుకుని, దేశాలు దాటి కొండలెక్కుతున్నారు. వాటిలో తరచుగా వినబడే పేరు ఆఫ్రికాలోని కిలిమంజారో. కొందరు యాభై దాటిన తల్లిదండ్రులను కూడా వెంట తీసుకువెళ్తామంటున్నారు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు కావాలని ఆసుపత్రికి వచ్చేవారు "ఒక సంతకం పెట్టించండి సిస్టర్, టికెట్లు కొనేశాం" అంటారు. సంతకానికి రెండు నిమిషాలు చాలు. కాని ఆ కాగితం కొండ మీద ఎవరినీ కాపాడదు, తెలిసిన సంగతులు కాపాడతాయి. అందుకే ఈ పాఠం. మీరు వెళ్ళకపోయినా మీ ఇంట్లోనో, పక్కింట్లోనో వెళ్ళేవారు ఉండవచ్చు. లడఖ్ వంటి ఎత్తు ప్రదేశాలకు వెళ్ళేవారికి కూడా ఇందులో చాలా సంగతులు పనికివస్తాయి.

1. కొండను గురించి కొంచెం

కిలిమంజారో టాంజానియా దేశంలో ఉంది. ఆఫ్రికా ఖండంలో ఇదే ఎత్తైన కొండ. శిఖరం పేరు ఉహురు, ఎత్తు 5,895 మీటర్లు. ఇది అగ్నిపర్వతం. కిబో, మవెంజి, షిరా అని మూడు ముఖాలు. శిఖరం ఉన్నది కిబో మీద. 1889లో హన్స్ మేయర్, లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ అనే ఇద్దరు మొదటిసారి ఈ శిఖరం చేరినట్లు చరిత్రలో ఉంది. కొండ కింది వాలుల్లో చగ్గా ప్రజలు అరటి, కాఫీ తోటలు పెంచుకుంటారు. ఆపైన వాన అడవి, తరువాత పొదలు, ఇంకా పైన రాళ్ళూ ఇసుకా, చివరికి మంచు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నా శిఖరం మీద రాత్రివేళ చలి సున్నాకు 10 డిగ్రీలు, ఒక్కొక్కసారి 20 డిగ్రీలు కిందికి దిగుతుంది.

మన తెలుగువారికి ఈ పేరు కొత్తది కాదు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కి, తరువాత 2016లో కిలిమంజారో కూడా ఎక్కింది. ఆ అమ్మాయి ముందుగా భువనగిరి బండ మీద, ఆ తరువాత డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ పొందింది. పేపర్లో ఫొటో చూసి ఉత్సాహపడేవారు ఆ ఫొటో వెనుక ఉన్న నెలల సాధనను కూడా చూడాలి.

మామూలు దారుల్లో కిలిమంజారోకు తాళ్ళు పట్టుకుని ఎగబాకే పని లేదు. నడిచి వెళ్ళవచ్చు. చాలామందిని మోసగించేది ఇదే. నడిచే కొండే కదా అనుకుంటారు. కాళ్ళకు పని తక్కువే కావచ్చు, ఊపిరితిత్తులకు మాత్రం తక్కువ కాదు.

2. ఎత్తుకు వెళ్తే ఒంట్లో ఏమి జరుగుతుంది

పైన గాలిలో ప్రాణవాయువు వంతు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. వంతు ఎక్కడైనా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. ఉహురు శిఖరం దగ్గర గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో ఇంచుమించు సగం. అంటే మచిలీపట్నంలో ఒక ఊపిరితో లోపలికి వెళ్ళే ప్రాణవాయువులో సగమే అక్కడ ఒక ఊపిరితో వెళ్తుంది. ఆ ఎత్తులో నీళ్ళు సుమారు 80 డిగ్రీల వేడికే మరిగిపోతాయి. కుక్కరు లేకుండా అక్కడ పప్పు ఉడకదు. నీటి సంగతే అలా మారితే మన ఒంటి సంగతి మారకుండా ఉంటుందా?

ఈ కొరతకు శరీరం మెల్లగా అలవాటు పడుతుంది. మొదట ఊపిరి వేగం పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది, మూత్రం ఎక్కువగా పోతుంది. రోజులు గడిచేకొద్దీ సర్దుకుంటుంది. దీనికి కావలసింది రోజులు. ధైర్యంతోనూ, కండబలంతోనూ ఆ రోజులను తగ్గించలేము. క్రికెట్ ఆడే పాతికేళ్ళ కుర్రవాడు పడిపోవచ్చు, మెల్లగా నడిచిన యాభై ఏళ్ళ ఆమె శిఖరం చేరవచ్చు. బలమున్నవారు త్వరగా నడుస్తారు, త్వరగా ఎత్తుకు చేరతారు, అందుకే త్వరగా జబ్బు పడతారు.

3. గుర్తుపట్టవలసిన మూడు జబ్బులు

మొదటిది, మామూలు ఎత్తు జబ్బు. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా రావచ్చు. తలనొప్పి ముఖ్య లక్షణం. దానితోపాటు వికారం, వాంతి, ఆకలి లేకపోవడం, నీరసం, కళ్ళు తిరగడం ఉంటాయి. కొత్త ఎత్తుకు చేరిన కొన్ని గంటల్లో మొదలవుతుంది. తాగి పడుకున్నవారికి మరుసటి ఉదయం ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఈ లక్షణాలు ఉన్నప్పుడు ఇంకా పైకి వెళ్ళకూడదు. అదే ఎత్తులో ఆగితే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే దిగాలి.

రెండవది, మెదడు వాపు. మనిషి తడబడుతూ నడుస్తాడు, మాట ముద్దగా వస్తుంది, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతాడు, మగతగా ఉంటాడు. దీన్ని పట్టుకోవడానికి సులభమైన పరీక్ష ఉంది. నేల మీద గీత ఉన్నట్లు అనుకుని, ఒక పాదం మడమకు రెండవ పాదం వేళ్ళు తగిలేలా పది అడుగులు వేయమనండి. తూలితే అనుమానించాలి. అలసిపోయాడులే, పడుకోనిద్దాం అనుకోవడం ప్రాణాపాయం.

మూడవది, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. కూర్చున్నా ఆయాసం తగ్గదు, పొడి దగ్గు, తరువాత నురుగుతో గాని ఎర్రజీరతో గాని కఫం, పెదవులు గోళ్ళు నీలిరంగు. వెనకబడి నడుస్తున్నవాడు మామూలుగా అందరికంటే చురుకైనవాడైతే మరీ జాగ్రత్తగా చూడాలి.

రెండవ, మూడవ జబ్బులకు అసలు వైద్యం ఒక్కటే. వెంటనే కిందికి దింపడం. అర్ధరాత్రి అయినా తెల్లవారేదాకా ఆగకూడదు. ఆక్సిజన్, డెక్సామెతసోన్, నిఫెడిపిన్ వంటివి దింపేటప్పుడు సాయపడతాయి. అవి దిగడానికి బదులు కావు.

4. ఎన్ని రోజులు పెట్టుకోవాలి

ఈ ప్రయాణంలో మీరు తీసుకునే పెద్ద ఆరోగ్య నిర్ణయం ఇంట్లో క్యాలెండరు ముందు కూర్చుని తీసుకునేదే. వైద్యులు చెప్పే సూత్రం ఇది: 3,000 మీటర్లు దాటిన తరువాత, పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలి.

ఇప్పుడు మరంగు దారిని చూడండి. గేటు సుమారు 1,900 మీటర్ల దగ్గర. మొదటి రాత్రి మందారా గుడిసెలు, 2,700 మీటర్లు. రెండవ రాత్రి హొరొంబో, 3,700. మూడవ రాత్రి కిబో, 4,700. ఆ రాత్రి నిద్ర కూడా సరిగా పట్టకుండానే లేచి, అర్ధరాత్రి బయలుదేరి 5,895కు ఎక్కడం. లెక్క మీరే వేయండి. రోజుకు 500 అని సూత్రం చెబుతుంటే ఇక్కడ రోజుకు 1,000 మీటర్లు. అయిదు రోజుల్లో వెళ్ళివచ్చే పథకం ఇలాగే ఉంటుంది. హొరొంబోలో ఒక రోజు అదనంగా ఆగితే కొంత నయం. మచామే దారికి ఏడు రోజులు, లెమోషో దారికి ఎనిమిది రోజులు పెట్టుకుంటే ఇంకా నయం. ఈ దారుల్లో పగలు ఎత్తుకు ఎక్కి, రాత్రి కొంచెం కిందికి దిగి పడుకునే వీలుంది. ఇది ఒంటికి మంచి అలవాటు చేస్తుంది.

మరి జనం తక్కువ రోజుల పథకం ఎందుకు ఎంచుకుంటారు? పార్కు రుసుము రోజుల లెక్కన కట్టాలి గనుక. రెండు రోజులు తగ్గిస్తే కొంత డబ్బు మిగులుతుంది. ఆ మిగిలిన డబ్బుతో శిఖరం చేరే అవకాశాన్ని, ఒక్కొక్కసారి ఆరోగ్యాన్ని కూడా అమ్ముకున్నట్లవుతుంది. డబ్బు చాలకపోతే ఒక సంవత్సరం ఆగండి. రోజులు మాత్రం తగ్గించకండి.

కాలం కూడా చూసుకోవాలి. మార్చి చివరి నుండి మే వరకు పెద్ద వానలు, నవంబరులో చిన్న వానలు. జనవరి, ఫిబ్రవరి నెలలు, జూన్ నుండి అక్టోబరు వరకు పొడిగా ఉంటాయి.

5. ఎవరు ముందుగా డాక్టరు గారిని చూడాలి

నలభై దాటిన ప్రతివారూ చూపించుకోవాలి. ఈ కిందివారు వయసుతో పనిలేకుండా చూపించుకోవాలి.

గుండె జబ్బు, అదుపులో లేని బి.పి., ఊపిరితిత్తుల జబ్బు, మూర్ఛలు ఉన్నవారు. గర్భిణులు ఇంత ఎత్తుకు వెళ్ళకూడదు. ఆస్తమా అదుపులో ఉన్నవారు డాక్టరు అనుమతితో వెళ్ళవచ్చు, ఇన్‌హేలరు జేబులో ఉండాలి.

రక్తహీనత ఉన్నవారు. మన స్త్రీలలో ఇది చాలా ఎక్కువ. ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్. గాలిలోనే కొరత ఉన్నచోటికి, మోసేదాన్ని కూడా తక్కువ పెట్టుకుని వెళ్ళడం తెలివి కాదు. నాలుగైదు నెలలు ముందే పరీక్ష చేయించుకుంటే ఐరన్ మాత్రలతో సరిచేసుకునే వ్యవధి ఉంటుంది.

సికిల్ సెల్ ఉన్నవారు. మన మన్యం ప్రాంతాల గిరిజన కుటుంబాలలో ఇది కనబడుతుంది. జబ్బు ఉన్నవారు ఎత్తుకు వెళ్ళకూడదు. జబ్బు లేకుండా లక్షణం మాత్రమే మోస్తున్నవారికి కూడా ఎత్తులో ప్లీహం దెబ్బతిని ఎడమ డొక్కలో పైభాగాన తీవ్రమైన నొప్పి రావచ్చు. మీ కుటుంబంలో ఎవరికైనా ఉంటే రక్తపరీక్ష చేయించుకున్న తరువాతే టికెట్టు కొనండి.

షుగరు ఉన్నవారు. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. విమానంలో చేతిసంచిలో, కొండ మీద ఒంటికి ఆనించి లోపలి జేబులో పెట్టుకోవాలి. చలిలో షుగరు చూసే మిషను తప్పు చూపవచ్చు, దాన్ని కూడా వెచ్చగా ఉంచాలి. పాదాలు రోజూ చూసుకోవాలి.

ఎత్తు జబ్బు రాకుండా ఎసిటజోలమైడ్ అనే మాత్ర వాడతారు. పెద్దవారికి సాధారణంగా 125 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుండి. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ పోతుంది. సల్ఫా మందులు పడనివారు ముందే చెప్పాలి. మందుల షాపులో అడిగి మీ అంతట మీరు కొనుక్కోవద్దు. ఈ మాత్ర అలవాటు పడడాన్ని త్వరపెడుతుంది గాని, తొందరపడి ఎక్కేవాడిని కాపాడుతుందని నమ్మకూడదు.

6. టీకాలు, మలేరియా

విమానం కెన్యాలోని నైరోబీలోనో, ఇథియోపియాలోని అడిస్ అబాబాలోనో మారేటట్లయితే ఎల్లో ఫీవర్ సంగతి చూసుకోవాలి. ఆ రెండు దేశాలూ మన ప్రభుత్వం ఎల్లో ఫీవర్ ఉన్నవిగా లెక్కించే దేశాలు. సర్టిఫికెట్టు లేకుండా అటువంటి దేశం నుండి తిరిగి వచ్చినవారిని ఆరు రోజుల వరకు విడిగా ఉంచే అధికారం మన విమానాశ్రయ ఆరోగ్యాధికారులకు ఉంది. టాంజానియా కూడా అటువంటి దేశాల మీదుగా వచ్చేవారిని సర్టిఫికెట్టు అడుగుతుంది. టికెట్టు కొనేముందే రెండు దేశాల నియమాలు కనుక్కోండి. టీకా వేయించుకున్న పది రోజుల తరువాతే ఆ కాగితం చెల్లుతుంది. 2016 నుండి అది జీవితాంతం చెల్లుతుంది. ఈ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలలోనే వేస్తారు. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వాటిలో ఒకటి. గుడ్డు పడనివారు, గర్భిణులు, అరవై దాటినవారు, స్టిరాయిడ్లు గాని క్యాన్సరు మందులు గాని వాడుతున్నవారు ముందే చెప్పాలి. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, ధనుర్వాతం టీకాల గురించి కూడా అడగండి.

కొండ పైన మలేరియా భయం లేదు. కింద మోషి, అరూషా పట్టణాల వైపు ఉంది. అక్కడిది ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం, క్లోరోక్విన్‌కు లొంగదు. డాక్టరు రాసిన నివారణ మందు వాడాలి. డాక్సీసైక్లిన్ అయితే తిరిగి వచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. మధ్యలో ఆపకూడదు. సాయంత్రం నిండు చేతుల బట్టలు, దోమతెర తప్పవు. ఇంటికి వచ్చిన తరువాత కొన్ని నెలల లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా "ఆఫ్రికా వెళ్ళివచ్చాము" అన్నది డాక్టరుతో మీరు చెప్పే మొదటి మాట కావాలి.

7. దూరపు విమాన ప్రయాణం

హైదరాబాదు నుండి ఒకటి రెండు విమానాలు మారి కిలిమంజారో విమానాశ్రయం చేరడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. గంటకొకసారి లేచి నడవండి. కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించండి. నీళ్ళు తాగండి. ఇటీవల ఆపరేషన్ అయినవారు, ఇంతకుముందు గడ్డకట్టినవారు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు డాక్టరును అడగాలి. దిగిన తరువాత ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా కొండ సంగతి మరచి ఆసుపత్రికి వెళ్ళండి.

రోజూ వేసుకునే మందులన్నీ చేతిసంచిలోనే ఉండాలి, చీటీతో సహా. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక గనుక మాత్రల వేళలు పెద్దగా మారవు. చేరిన మరునాడే కొండెక్కవద్దు. ఒకటి రెండు రోజులు కింద విశ్రాంతి తీసుకోండి.

ప్రయాణ బీమా కాగితంలో ఎత్తు పరిమితి చదవండి. చాలా పాలసీలలో ఒక ఎత్తు దాటితే చెల్లదని ఉంటుంది. 6,000 మీటర్ల వరకు, హెలికాప్టర్ ఖర్చుతో సహా వర్తించేది కావాలి. కొండ కింద మోషి పట్టణంలో కిలిమంజారో క్రిస్టియన్ మెడికల్ సెంటర్ అనే పెద్ద ఆసుపత్రి ఉంది. 1971లో ప్రారంభమైన మిషన్ ఆసుపత్రి అది. ఆ పేరు మీ కాగితాల్లో రాసి పెట్టుకోండి.

8. సాధన, సామాను, తిండి

ఆరు నెలలు ముందుగా మొదలుపెట్టండి. మొదట రోజుకు గంట నడక. తరువాత వారానికి రెండు రోజులు వీపున అయిదారు కిలోల సంచితో మెట్లు. చివరి రెండు నెలల్లో సెలవు రోజున ఆరేడు గంటల కొండ నడక, మరునాడు కూడా కొంత. మన తూర్పు కనుమల్లో ఎత్తైన కొండలు కూడా 1,700 మీటర్లు దాటవు. అక్కడ కాళ్ళకు సాధన దొరుకుతుంది, ఎత్తుకు అలవాటు దొరకదు. ఈ తేడా మరవకండి.

బూట్లు కొత్తవి కొని నేరుగా తీసుకువెళ్ళవద్దు, రెండు నెలలు వాడి మెత్తబరచుకోండి. చలికి ఒకే దళసరి కోటు కంటే పొరలు పొరలుగా బట్టలు మేలు. చెమటకు తడిసిన నూలు బనియను ఒంటిని చల్లబరుస్తుంది గనుక లోపల నూలు వద్దు. నల్ల కళ్ళద్దాలు, టోపీ, తలదీపం, చేతి తొడుగులు తప్పనిసరి.

పైన ఆకలి చచ్చిపోతుంది. అందుకే నోటికి హితవైనవి తీసుకువెళ్ళండి. వేరుశెనగ చిక్కీ, ఖర్జూరం, ఎండు ద్రాక్ష, ఒక చిన్న పచ్చడి పొట్లం చాలా మేలు చేస్తాయి. రోజుకు మూడు లీటర్ల వరకు కాచిన నీళ్ళు తాగాలి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే చాలలేదని అర్థం. సారా, సిగరెట్టు, నిద్రమాత్రలు వద్దు. నిద్రమాత్ర రాత్రివేళ ఊపిరిని ఇంకా మందగింపజేస్తుంది.

9. మోసేవారి ఆరోగ్యం కూడా మన బాధ్యతే

గైడు లేకుండా ఈ కొండ ఎక్కనివ్వరు. మన సామాను, గుడారాలు, వంటపాత్రలు మోసేది అక్కడి కూలీలు. వారికీ అదే చలి, అదే పలుచని గాలి. ఒక్కొక్కరి బరువు 20 కిలోలు దాటకూడదని పార్కు నియమం. చవక పథకాల్లో తరచుగా కోత పడేది వీరి కూలిలో, తిండిలో, బట్టల్లో. మీరు డబ్బు కట్టేముందు "మోసేవారికి రోజుకు ఎన్ని పూటలు పెడతారు, ఎక్కడ పడుకుంటారు" అని అడగండి. దారిలో వారిలో ఎవరైనా దగ్గుతూ, తూలుతూ కనబడితే మీ మనిషి అయితే ఏమి చేస్తారో అదే చేయండి.

10. దిగిరావడం ఓటమి కాదు

అక్కడి స్వాహిలీ భాషలో గైడ్లు అస్తమానం అనే మాట "పోలే పోలే", అంటే మెల్లగా మెల్లగా. నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పినదే.

మేము అన్నిటికంటే ఎక్కువగా భయపడేది దాచిపెట్టడానికి. లక్షలు ఖర్చుపెట్టి వచ్చాము, అందరికీ చెప్పి వచ్చాము, శిఖరం ఇంకా ఒక్క రాత్రి దూరంలో ఉంది. అటువంటప్పుడు తలనొప్పి ఉన్నవాడు "ఏమీ లేదు" అంటాడు. మాత్ర మింగి మౌనంగా నడుస్తాడు. కొడుకు ముఖం చూసి తండ్రి చెప్పడు, తండ్రి ఖర్చు తలచుకుని కొడుకు చెప్పడు. అందుకే ఇంట్లో ఉండగానే ఒక ఒప్పందం చేసుకోండి. ఉదయం, సాయంత్రం ఒకరినొకరు నాలుగు ప్రశ్నలు అడగాలి: తల నొప్పిగా ఉందా? తిన్నావా? నిద్ర పట్టిందా? తిన్నగా నడవగలవా? గైడు దిగమంటే వాదన లేకుండా దిగాలి. జబ్బు పడినవారిని ఒంటరిగా దింపకూడదు, తెలిసినవారు ఒకరు తోడు వెళ్ళాలి. ఆ తోడు ఎవరో కూడా ముందే నిర్ణయించుకోండి.

ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవలసిన ప్రశ్నలు

1. మన పథకంలో కొండ మీద ఎన్ని రాత్రులు? పడుకునే చోటు రోజుకు ఎన్ని మీటర్లు పెరుగుతోంది?

2. వెళ్ళేవారిలో ఎవరికి బి.పి., షుగరు, రక్తహీనత ఉన్నాయి? ఎప్పుడు పరీక్ష చేయించుకున్నారు?

3. విమానం ఏ దేశం మీదుగా వెళ్తుంది? టీకాకు ఎన్ని రోజుల వ్యవధి ఉంది?

4. ఒకరు దిగవలసి వస్తే తోడు దిగేది ఎవరు?

ఈ నాలుగింటికీ జవాబులు రాసుకుని, పాత చీటీలతో సహా ప్రయాణానికి కనీసం మూడు నెలలు ముందుగా, వీలైతే ఇంకా ముందే, మన ఓ.పి.కి రండి. సంతకం కోసం వచ్చేవారికంటే ప్రశ్నలతో వచ్చేవారిని చూస్తే మాకు ఎక్కువ సంతోషం. ఆ కొండ ఎక్కడికీ పోదు, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు ఎక్కవచ్చు. వెళ్ళినవారందరూ క్షేమంగా ఇల్లు చేరాలన్నదే మా కోరిక.